సైన్స్ ఫిక్షన్ కన్వెన్షన్‌లో రిటైరైన జర్నలిస్టుకేం పని? తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు పేపర్లో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు అమెరికాలో మా అమ్మాయి దగ్గర ఉంటూ, కుదిరినప్పుడల్లా ఇక్కడి సైన్స్ ఫిక్షన్ కన్వెన్షన్లకు వెళ్లి ప్యానెళ్లలో మాట్లాడుతుంటాను. ఈ సంగతి బయటపడ్డప్పటి నుంచి పాత కొలీగ్స్, చుట్టాలు, అమ్మాయి ఫ్రెండ్స్, అందరూ తిప్పి తిప్పి అవే ప్రశ్నలు అడుగుతున్నారు. అందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తున్నా. వరసేమీ లేదు, గుర్తొచ్చినట్టు రాశాను.

కన్వెన్షన్ అంటే కామిక్ కాన్ లాంటిదేనా? సినిమా హీరోలొస్తారా?

రారు. హైదరాబాద్‌లో కూడా జరిగే కామిక్ కాన్ ఒక కంపెనీ నడిపే ఈవెంట్, టికెట్ కొని లోపలికెళ్లి స్టాళ్లు చూసి ఫొటోలు దిగి వచ్చేస్తాం. నేను వెళ్లేవి పాఠకులు వాళ్లకి వాళ్లు నడుపుకునేవి. పైనుండే ఛైర్ నుంచి తలుపు దగ్గర బ్యాడ్జీ చూసే మనిషి దాకా ఎవరికీ జీతం లేదు, అందరూ వాలంటీర్లే. మనం కొనేదాన్ని కూడా టికెట్ అనరు, మెంబర్‌షిప్ అంటారు. ఆ మాట మీద వాళ్లకి చాలా పట్టింపు, పొరపాటున టికెట్ అన్నారంటే పక్కనున్న పెద్దాయన వెంటనే సరిదిద్దుతాడు.

వీటన్నిటిలో పెద్దది వరల్డ్‌కాన్. మొదటిది 1939 జూలైలో న్యూయార్క్‌లో జరిగింది, వచ్చింది సుమారు 200 మంది. ఆ మొదటిసారే ఒక గ్రూపు కుర్రాళ్లు కరపత్రాలు పంచుతారన్న భయంతో ఆరుగురిని గుమ్మం దగ్గరే ఆపేశారట. చీలికలూ, పోటీ కమిటీలూ మన తెలుగు సంఘాల సొత్తే అనుకునేవాణ్ని, ఇది చదివాక కాస్త మనసు కుదుటపడింది. రెండో ప్రపంచ యుద్ధం వల్ల 1942 నుంచి 1945 వరకు జరగలేదు, ఆ తర్వాత ఏటా ఒక్కో ఊళ్లో జరుగుతోంది. 2023లో చైనాలోని చెంగ్డూ, 2024లో గ్లాస్గో, 2025లో సియాటిల్. సైన్స్ ఫిక్షన్ రచనలకి 1953లో మొదలైన హ్యూగో అవార్డులు ఇచ్చేది ఇక్కడే, ఓట్లేసేది మెంబర్లే. ఇవి కాక బోస్టన్, బాల్టిమోర్ లాంటి చోట్ల వీకెండ్‌లో జరిగే చిన్న కన్వెన్షన్లు చాలా ఉన్నాయి.

మీరు కథలు రాస్తారా? లేకపోతే అక్కడ మీకేం పని?

రాయను. రాయడం రాదు కూడా. జీవితమంతా డెస్కులో ఇతరుల కాపీ దిద్దడం, మధ్యమధ్య రిపోర్టింగ్, ఇంతే.

పిలిచేది కూడా అందుకే. ప్యానెల్ అంటే నలుగురైదుగురిని బల్ల వెనక కూర్చోబెట్టి ఒక విషయం మీద మాట్లాడించడం. నలుగురూ నవలా రచయితలే అయితే గంటసేపు ఒకే రకం మాటలొస్తాయి. అందుకే ఒక డాక్టరో, ఒక ఇంజినీరో, జైల్లో పనిచేసి వచ్చిన మనిషో, మా లాంటి పాత విలేకరో ఒకరుండాలని ప్రోగ్రాం వేసేవాళ్లు చూస్తారు. భవిష్యత్తు ఎలా ఉంటుందో నాకేం తెలుసు! తుఫానొస్తే కలెక్టరాఫీసులో ఏం జరుగుతుంది, ఒక పుకారు ఊరు దాటడానికి ఎంతసేపు పడుతుంది, తప్పు చేసిన కంపెనీ పత్రికా ప్రకటన ఏ భాషలో రాస్తుంది, ఇవి తెలుసు. ఊహించిన లోకంలో కూడా మనుషులు, ఆఫీసులు, ఫైళ్లు ఇలాగే ప్రవర్తిస్తాయి కదా. ఆ ముక్క చెప్పేవాడు ఒకడు కావాలి.

సైన్స్ ఫిక్షన్ అభిమానులకీ పత్రికలకీ అసలు సంబంధం ఏంటి?

చాలామందికి తెలియదు గానీ ఈ సందడంతా పుట్టింది పత్రికలో పాఠకుల ఉత్తరాల పేజీ నుంచే. 1926లో హ్యూగో గెర్న్స్‌బాక్ అమెరికాలో పూర్తిగా సైన్స్ ఫిక్షన్‌కే ఒక పత్రిక మొదలుపెట్టాడు. అవార్డుకి ఉన్నది ఆయన పేరే. అందులో ఉత్తరాలతో పాటు రాసినవాళ్ల చిరునామాలూ వేసేవారు. దాంతో పాఠకులు ఎడిటర్‌ని వదిలేసి ఒకరికొకరు ఉత్తరాలు రాసుకోవడం మొదలెట్టారు. తర్వాత క్లబ్బులు పెట్టారు, ఆపైన ఒకచోట కలుద్దామనుకున్నారు. 1936లో ఫిలడెల్ఫియాలో కలిసిందే మొదటి కన్వెన్షన్ అని అమెరికన్లంటారు, కాదు 1937 జనవరిలో మా లీడ్స్‌లో జరిగిందే మొదటిదని బ్రిటిష్ వాళ్లంటారు. ఈ వాదన ఇంకా తెగలేదు.

ఆ కుర్రాళ్లే సొంతంగా చిన్న చిన్న పత్రికలు వేసుకునేవారు. టైపు కొట్టి, సైక్లోస్టైల్ తీసి, పోస్టులో పంచుకునేవి. వాటిని ఫ్యాన్‌జైన్లంటారు. మన దగ్గర కాలేజీ రోజుల్లో లిఖిత పత్రికలు నడిపినవాళ్లకి ఈ పిచ్చి వెంటనే అర్థమవుతుంది. 1955 నుంచి ఫ్యాన్‌జైన్లకి కూడా హ్యూగో ఇస్తున్నారు. 1968లో బోస్టన్‌కి వరల్డ్‌కాన్ తెప్పించడం కోసం ప్రచారంగా మొదలైన ‘లోకస్’ అనే వార్తాపత్రిక ఇప్పటికీ నడుస్తోంది. కాబట్టి మొదటిసారి వెళ్లినప్పుడు నేను పరాయివాడినని అనిపించలేదు. గ్రీన్‌రూంలో, అంటే ప్యానెళ్లలో మాట్లాడేవాళ్లు కూర్చునే గదిలో, టీ తాగుతుంటే పక్కన ఇద్దరు డెడ్‌లైన్ గురించి, రాసి ఇస్తానని ఎగ్గొట్టినవాళ్ల గురించి తిట్టుకుంటున్నారు. అచ్చం మా డెస్కే.

ఏ టాపిక్‌ల మీద మాట్లాడతారు? ఒకటి చెప్పండి.

నాకు బాగా ఇష్టమైనది, ఎన్నిసార్లు పెట్టినా వెళ్లేది: మార్స్ మీద కాలనీ ఉంటే అక్కడ పేపర్ ఎలా నడుస్తుంది?

సినిమాల్లో అక్కడి విలేకరి ఇక్కడి యాంకర్‌తో లైవ్‌లో మాట్లాడేస్తుంటాడు. కుదరదు. భూమికీ మార్స్‌కీ మధ్య దూరం మారుతూ ఉంటుంది కాబట్టి రేడియో సంకేతం ఒకవైపు వెళ్లడానికే దగ్గరున్నప్పుడు మూడు నిమిషాలు, దూరంగా ఉన్నప్పుడు ఇరవై రెండు నిమిషాల దాకా పడుతుంది. అంత దూరంలో ఉన్నప్పుడు ప్రశ్న వేసి జవాబు వినేసరికి ముప్పావుగంట. అదీ కాక ఇరవై ఆరు నెలలకోసారి రెండు గ్రహాల మధ్యకి సూర్యుడు అడ్డొస్తాడు. అప్పుడు రెండు వారాల పాటు మార్స్ మీద ఉన్న యంత్రాలకి నాసా కమాండ్లు పంపడం ఆపేస్తుంది. ఆ రెండు వారాల్లో కాలనీలో ఏం జరిగినా ఇక్కడికి తెలిసేసరికి పాచి వార్తే.

ఇది విని అక్కడి కుర్ర రచయితలు తల పట్టుకుంటారు. నాకు మాత్రం కొత్తేం కాదు. ఫ్యాక్సు కూడా రాకముందు మండలంలో ఉన్న మా కంట్రిబ్యూటర్ వార్త రాసి, కవర్లో పెట్టి, సాయంత్రం ఆర్టీసీ బస్సులో డ్రైవర్ చేతికిచ్చేవాడు. బస్టాండులో మావాడొకడు కాచుకునుండి తీసుకొచ్చేవాడు. అందులో అనుమానమొస్తే తిరిగి అడిగే దారి లేదు. అందుకని మంచి కంట్రిబ్యూటర్ ఏం చేసేవాడంటే, డెస్కు ఏం అడుగుతుందో ముందే ఊహించి ఆ జవాబులు కూడా రాసి పంపేవాడు: చనిపోయినవాడి వయసు, తండ్రి పేరు, ఎవరు చెప్పారు, పోలీసులేమన్నారు, అన్నీ. మార్స్ విలేకరి కూడా ఇలాగే రాయడం నేర్చుకుంటాడని చెప్తే గదిలో సగం మంది నోట్సు రాసుకుంటారు.

తర్వాత డబ్బుల సంగతికొస్తాను. మా కంట్రిబ్యూటర్లకి జీతం ఉండేది కాదు. అచ్చయిన వార్తని కొలిచి, దాని ప్రకారం లైన్ అకౌంట్ ఇచ్చేవారు, అది బస్సు చార్జీలకి కూడా సరిపోయేది కాదు. మరి ఆ మనిషి ఎలా బతుకుతాడు? ప్రకటనలు తెస్తే కమీషన్. ప్రకటనలిచ్చేది ఎవరు? ఎవరి గురించి రాయాలో వాళ్లే. ఇది చెప్పి నేను ఒక్కటే అడుగుతాను: మీ కాలనీలో గాలి అమ్మే కంపెనీ, మీ పేపర్‌కి ప్రకటనలిచ్చే కంపెనీ ఒకటే అయినప్పుడు ఆక్సిజన్ లీకైన వార్త ఎన్నో పేజీలో వస్తుంది, అసలు వస్తుందా? రాకెట్ ఇంధనం లెక్క దశాంశాల దాకా సరిగ్గా వేసిన రచయితలు కూడా ఇది ఆలోచించి ఉండరు.

స్కైలాబ్ కథ చెప్పి అందర్నీ నవ్విస్తారటగా?

నవ్వించడానికి చెప్పను, నవ్వుతారు మరి. 1979 జూలై 11న స్కైలాబ్ పడింది. 77 టన్నుల అంతరిక్ష కేంద్రం, ఎక్కడ పడుతుందో నాసాకే కచ్చితంగా తెలియదు. అప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. మన పల్లెల్లో ఏమైందో ఆ వయసువాళ్లందరికీ గుర్తే: ఎలాగూ పోతున్నాం కదా అని కోళ్లూ మేకలూ కోసుకుని తిన్నారు, దాచుకున్న డబ్బులు ఖర్చు పెట్టేశారు, అప్పులిచ్చినవాళ్లు వసూలుకి తిరిగారు, తీసుకున్నవాళ్లు రేపటిదాకా ఆగమన్నారు. చివరికి ముక్కలు ఆస్ట్రేలియాలో ఎస్పెరెన్స్ అనే ఊరి చుట్టుపక్కల పడ్డాయి. ఆ ఊరి మునిసిపాలిటీ వాళ్లు చెత్త పడేసినందుకు నాసాకి 400 డాలర్ల జరిమానా రాశారు. శాన్‌ఫ్రాన్సిస్కో ఎగ్జామినర్ అనే పేపర్ మొదటి ముక్క తెచ్చినవాళ్లకి 10,000 డాలర్లు ప్రకటిస్తే ఎస్పెరెన్స్ కుర్రాడొకడు, పదిహేడేళ్లవాడు, విమానమెక్కి వచ్చి పట్టుకెళ్లాడు.

హాల్లో నవ్వులు ఆగాక అసలు విషయం చెప్తాను. ముక్క ఎవరో ఒక మనిషికి తగిలే అవకాశం 152లో ఒకటి అని నాసా చెప్పింది. అది భూమ్మీద ఉన్న మనుషులందరిలో ఎవరో ఒకరికి అని. ఫలానా సుబ్బారావుకే తగిలే అవకాశం చూస్తే సుమారు 60,000 కోట్లలో ఒకటి. రెండూ నిజాలే. మొదటి అంకె హెడ్డింగ్‌లోకి వచ్చింది, రెండోది రాలేదు. కాబట్టి మా పల్లె జనాన్ని చూసి నవ్వేముందు, వాళ్లకి అందిన సమాచారం ఏంటో చూడమంటాను. వాళ్లకి తెలిసినంతలో కోడిని కోసుకోవడం తెలివైన పనే.

విపత్తుల కథల మీద కూడా కూర్చుంటారా?

కూర్చుంటాను, గొడవ కూడా పడతాను. ఈ కథల్లో ఒక అలవాటుంది, ప్రమాదం జరిగిన మర్నాటికే మనుషులు రాక్షసులైపోయి ఒకళ్లనొకళ్లు దోచుకుంటారు. 1996 నవంబర్ 6 రాత్రి కోనసీమ మీద తుఫాను పడ్డాక నేనక్కడికి వెళ్లాను. కరెంటు స్తంభాలు లేవు, ఫోన్లు లేవు, కొబ్బరి చెట్లు రోడ్లకి అడ్డంగా పడున్నాయి. దోపిడీ నేను చూడలేదు. బియ్యం ఉన్నవాళ్లు గుడిలోనో బడిలోనో పెద్ద గిన్నె పెట్టి వండారు. నన్ను చూడగానే జనం అడిగింది తిండి కాదు, పక్క ఊరివాళ్లు బతికున్నారా అని. పేపర్ వాడంటే అన్ని ఊళ్లూ తిరిగొస్తాడని వాళ్ల నమ్మకం. రాక్షసత్వం కనపడింది తర్వాత, కొన్ని వారాలయ్యాక, నష్టపరిహారం లిస్టులు రాసేటప్పుడు. ఎవరి పేరు రాశారు, ఎవరిది వదిలేశారు, ఏ వీధికి లారీ ముందెళ్లింది, కథంతా అక్కడుంది.

మృతుల సంఖ్య ఎప్పుడూ మూడు రకాలుగా ఉంటుందని కూడా చెప్తాను: అధికారులది, ప్రతిపక్షానిది, శ్మశానం దగ్గర కూర్చుని లెక్కపెట్టినవాడిది. ఏ నవల్లోనైనా ఒకే సంఖ్య ఉందంటే ఆ రచయిత ఎప్పుడూ కలెక్టరాఫీసు మెట్లెక్కలేదన్నమాట.

జర్నలిస్టుల్ని అక్కడ తిట్టరా?

తిడతారు, న్యాయంగానే తిడతారు. 1835 ఆగస్టులో న్యూయార్క్ సన్ అనే పేపర్ చంద్రుడి మీద గబ్బిలం రెక్కల మనుషులున్నారని ఆరు భాగాలుగా రాసింది. జాన్ హెర్షెల్ అనే నిజమైన ఖగోళ శాస్త్రవేత్త దక్షిణాఫ్రికాలో పెద్ద టెలిస్కోపుతో చూశాడని, అప్పటికే మూతపడ్డ ఒక సైన్స్ పత్రిక పేరు చెప్పి మరీ రాసింది. పాపం ఆయనకి ఈ సంగతే తెలియదు. అంటే అమెరికాలో తొలినాటి సైన్స్ ఫిక్షన్‌లో కొంత వార్తల పేజీలోనే అచ్చయిందన్నమాట.

రెండోది 1938 అక్టోబర్ 30 రాత్రి ఆర్సన్ వెల్స్ రేడియో నాటకం. మార్స్ వాళ్లు దండెత్తారని నమ్మి దేశమంతా రోడ్లెక్కిందని మనం కూడా చదువుకున్నాం. ఆ రాత్రి రేడియో సర్వేలో 5,000 ఇళ్లకి ఫోన్ చేస్తే ఆ నాటకం వింటున్నామన్నవాళ్లు రెండు శాతం. కొంతమంది భయపడ్డ మాట నిజమే, దేశవ్యాప్త గందరగోళం మాత్రం మర్నాడు పేపర్ల హెడ్డింగుల్లో పుట్టింది. ఆ రోజుల్లో ప్రకటనల డబ్బు పేపర్ల నుంచి రేడియోకి పోతోంది, రేడియోని నమ్మొద్దని చెప్పడానికి ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. ఈ రెండు సంగతులూ హాల్లో ఎవరో లేవనెత్తేలోపు నేనే చెప్పేస్తాను.

డబ్బులిస్తారా?

ఇవ్వరు. ముఖ్య అతిథులుగా పిలిచినవాళ్లకి ప్రయాణం, హోటల్ ఇస్తారు. మిగతావాళ్లం ప్యానెల్‌లో మాట్లాడినా సరే మెంబర్‌షిప్ మన డబ్బుతోనే కొనుక్కోవాలి, వరల్డ్‌కాన్‌లో అయితే చివర్లో మిగులుంటే తిరిగివ్వడం ఆనవాయితీ. చిన్న కన్వెన్షన్లు కొన్ని ప్యానెలిస్టులకి ఉచితంగానే ఇస్తాయి. విమానం చార్జీలు, హోటల్ అద్దె కలిపి చూస్తే ఇది నష్టాల వ్యాపారం, అందుకే కారులో వెళ్లగలిగేంత దూరంలో ఉన్నవాటికే ఎక్కువ వెళ్తాను. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్లు ఎవరైనా పారితోషికం ఇస్తామంటే తీసుకునే ముందు లాయర్‌ని అడగండి.

మనల్ని ఎలా ఎంచుకుంటారు?

కొన్ని నెలల ముందు ఒక ఫారం పంపిస్తారు. ఏం తెలుసు, దేని గురించి మాట్లాడగలరు, రోజుకి ఎన్ని ప్యానెళ్లు చాలు, పొద్దున్నే లేవగలరా, ఎవరి పక్కనైనా కూర్చోవడం ఇష్టం లేదా అని కూడా అడుగుతారు. ఆఖరి ప్రశ్న మన సాహిత్య సభలవాళ్లు కూడా పెట్టుకోవాలి, సగం గొడవలు తప్పుతాయి. వయసు, హోదా రాసి లాభం లేదు. “నలభై ఏళ్ల అనుభవం” అని రాస్తే పట్టించుకోరు, “వరద మృతుల లెక్కలు ఎలా తయారవుతాయో దగ్గర్నుంచి చూశాను” అని రాస్తే పిలుస్తారు.

వచ్చిన ఫారాల్లో ఎవరెలాంటివాళ్లో చూసుకోవడం పెద్ద పని. 2025 సియాటిల్ వరల్డ్‌కాన్ వాళ్లు 1,300 మందికి పైగా పేర్ల గురించి వెతకడానికి చాట్‌జీపీటీ వాడారని బయటపడి పెద్ద రగడయింది. రచయితల పుస్తకాల్ని అనుమతి లేకుండా మింగిన యంత్రానికి ఆ రచయితల మంచీచెడూ చూసే పనిస్తారా అని కోపం. ఛైర్ క్షమాపణ చెప్పారు, అవార్డుల బాధ్యతలు చూసే ముగ్గురు రాజీనామా చేశారు, వెతుకులాట మళ్లీ మనుషులతో చేయిస్తామన్నారు. నా మటుకు నాకు అందులో భయపెట్టింది వేరే విషయం. ఒకే పేరున్న ఇద్దరిని కలిపేసి ఒకడి నేరం ఇంకొకడికి అంటగట్టడం ఆ యంత్రాలకి చిటికెలో పని. ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు లేకుండా క్రైమ్ వార్త వేస్తే మర్నాడు ఆఫీసుకి ఎవరొస్తారో డెస్కులో పనిచేసినవాళ్లని అడగండి.

ప్యానెల్ ఎలా నడుస్తుంది? ఉపన్యాసమా?

అస్సలు కాదు, రాసుకొచ్చింది చదివారంటే మళ్లీ పిలవరు. యాభై నిమిషాలు ఉంటుంది. మోడరేటర్ అని ఒకరుంటారు, అందరిచేత సమానంగా మాట్లాడించడం ఆ మనిషి పని. మంచి మోడరేటర్ తను చాలా తక్కువ మాట్లాడతాడు. వారం ముందు ఈమెయిల్‌లో అందరినీ పలకరిస్తాడు, ఏం చెప్పబోతున్నారో కనుక్కుంటాడు. మన సభల్లో వేదిక మీదున్న అందరినీ పేరుపేరునా సంబోధించి, మొక్కలిచ్చి, శాలువాలు కప్పేసరికి అయ్యే టైముకి అక్కడ ప్యానెల్ అయిపోయి జనం ఇంకో గదికి వెళ్లిపోతారు. ఇది రాస్తే నా స్నేహితులకి కోపం వస్తుందని తెలుసు.

మైకు తప్పనిసరి. “నా గొంతు పెద్దదే, మైకొద్దు” అనకండి, వినికిడి తక్కువున్నవాళ్లు ఎవరో ఒకరు గదిలో ఉంటారు. కొందరు రచయితలు తమ పుస్తకాల్ని కోటగోడలా ముందు నిలబెట్టుకుని కూర్చుంటారు, నాకు చూపించడానికి పుస్తకమే లేదు కాబట్టి మంచినీళ్ల గ్లాసు పెట్టుకుంటాను. చివర పది, పదిహేను నిమిషాలు ప్రశ్నలు. ప్రశ్న పేరుతో లేచి తన జీవిత చరిత్ర చెప్పేవాళ్లు ఏ దేశంలోనైనా ఉంటారు, వాళ్లని మర్యాదగా కూర్చోబెట్టడంలోనే మోడరేటర్ సత్తా తెలుస్తుంది.

మీ ఇంగ్లీషు వాళ్లకి అర్థమవుతుందా?

నెమ్మదిగా మాట్లాడితే అవుతుంది. మొదట్లో టెన్షన్ పడేవాణ్ని. తర్వాత చూస్తే అక్కడ ఫిన్లాండ్ వాళ్లు, బ్రెజిల్ వాళ్లు, చైనా వాళ్లు ఎవరి యాసలో వాళ్లు మాట్లాడుతున్నారు, ఎవరూ పట్టించుకోవట్లేదు. ఊళ్ల పేర్లు, అంకెలు మాత్రం రెండుసార్లు చెప్పండి. లక్ష, కోటి అంటే వాళ్లకి తెలియదు.

వేషం వెయ్యాలా?

అక్కర్లేదు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్తాను, దాన్నే వేషం అనుకుని “ఏ పాత్ర ఇది?” అని అడిగినవాళ్లున్నారు. వేషం వేసినవాళ్లని అడక్కుండా ఫొటో తీయకూడదు, ముట్టుకోకూడదు. మనకి కెమెరా కనబడగానే క్లిక్ మనిపించడం అలవాటు కాబట్టి చెప్తున్నా.

అక్కడ విన్నవి రాయొచ్చా? జర్నలిస్టు కదా!

ఇది మంచి ప్రశ్న, నా కొలీగ్స్ ఎవరూ అడగలేదు, మా మనవడు అడిగాడు. ప్యానెల్‌లో మైకులో చెప్పిన మాట బహిరంగమే. గ్రీన్‌రూంలో, రాత్రి పార్టీల్లో విన్నది మాత్రం అడక్కుండా రాయను. ప్యానెలిస్టుగా వెళ్లిన చోట ప్రెస్ పాస్ తీసుకోను, ఒకేసారి రెండు కుర్చీల్లో కూర్చోకూడదు. వార్త రాయాలనిపిస్తే ఆ ఏడాది బల్లకి ఇవతల, జనంలో కూర్చుంటాను. ఇది నేను పెట్టుకున్న పద్ధతి, అందరూ ఒప్పుకోవాలని లేదు.

చెంగ్డూ గొడవ ఏంటి? మీరు ప్రతి ప్యానెల్‌లో దాన్ని లాక్కొస్తారని విన్నాం.

లాక్కొస్తాను, ఎందుకంటే ఈ పాతికేళ్లలో ఆ లోకంలో జరిగిన అసలైన రిపోర్టింగ్ అది. 2023 చెంగ్డూలో హ్యూగోలు ఇచ్చారు. 2024 జనవరిలో ఓట్ల లెక్కలు బయటపెడితే, కావాల్సినన్ని నామినేషన్లు వచ్చిన కొందరి పేర్ల పక్కన “అర్హత లేదు” అని ఉంది, కారణం లేదు. అడిగితే నిబంధనల ప్రకారమే చేశామన్నారు. ఏ నిబంధన అంటే జవాబు లేదు. ఈ వాక్యం మన సమాచార హక్కు దరఖాస్తులు పెట్టినవాళ్లకి చిరపరిచితం.

అప్పుడు క్రిస్ బార్క్లీ, జేసన్ శాన్‌ఫర్డ్ అని ఇద్దరు, పెద్ద పత్రికలవాళ్లు కాదు, ఈ అభిమానుల్లోంచి వచ్చి రాసుకునేవాళ్లే, లోపల పనిచేసిన ఒకామె ఇచ్చిన ఈమెయిళ్లు సంపాదించి ఫిబ్రవరిలో నివేదిక రాశారు. చూస్తే చైనా అధికారులు నేరుగా చెప్పారన్న ఆధారం కన్నా, అమెరికా, కెనడా దేశాల వాలంటీర్లే ముందుజాగ్రత్తగా నామినీల మీద ఫైళ్లు తయారుచేసిన సంగతి బయటపడింది. తైవాన్ గురించి ఏమన్నారు, టిబెట్ గురించి ఏమన్నారు అని. ఒకాయన టిబెట్ వెళ్లొచ్చాడని రాశారు, ఆయన వెళ్లింది నేపాల్. అంటే సెన్సార్ చేసేవాళ్లు ఫ్యాక్ట్ చెక్ కూడా సరిగ్గా చేయలేదు.

నేను ప్యానెల్లో చెప్పేది ఇక్కడే. సైన్స్ ఫిక్షన్‌లో సెన్సార్ అంటే బూట్ల చప్పుడుతో వచ్చి ప్రెస్సుకి తాళం వేసేవాడు. మా న్యూస్‌రూముల్లో అలాంటివాణ్ని చాలా తక్కువ చూశాను. ఎక్కువగా చూసింది “పైవాళ్లకి నచ్చదేమో” అని ఎవరూ అడక్కముందే వార్తని పక్కన పెట్టేసే మంచి మనిషిని. ఎమర్జెన్సీ కాలంలో పనిచేసిన మా సీనియర్లు కూడా ఇదే చెప్పేవారు. ఆ మనిషిని విలన్ చేయకుండా కథ రాయండి చూద్దాం అంటాను. కష్టమైన పని, అందుకే ఎవరూ రాయరు.

ఏఐ వస్తే జర్నలిస్టులు ఉంటారా అని అడుగుతారా?

ప్రతిసారీ. సైన్స్ ఫిక్షన్ పత్రికలకి ఆ దెబ్బ మా కన్నా ముందే తగిలింది, 2023 ఫిబ్రవరిలో ‘క్లార్క్స్‌వరల్డ్’ అనే పత్రిక యంత్రాలు రాసిన కథల వరద తట్టుకోలేక కొన్నాళ్లు కథలు తీసుకోవడమే ఆపేసింది. వార్తల సంగతికొస్తే, వచ్చిన సమాచారాన్ని తిరగరాయడం యంత్రం చేస్తుంది. శ్మశానం దగ్గర కూర్చుని లెక్కపెట్టడానికి మనిషి కావాలి, ఆ మనిషికి జీతం ఎవరిస్తారన్నదే ప్రశ్న, అది యంత్రం రాకముందు నుంచీ ఉంది.

తెలుగువాళ్లు కనిపిస్తారా?

తక్కువ. కనిపించినవాళ్లు ఇంజినీరు పిల్లలు, ఎక్కువగా వింటానికే వస్తారు. మన ప్యానెల్ అయ్యాక దగ్గరికొచ్చి “అంకుల్, మీరు తెలుగా?” అని చిన్నగా అడుగుతారు.

మన పత్రికల్లో సైన్స్ తక్కువేం కాదు. ఆంధ్రజ్యోతి ఎడిటర్‌గా చేసిన నండూరి రామమోహనరావు గారు జీవపరిణామం మీద ‘నరావతారం’, విశ్వం మీద ‘విశ్వరూపం’ రాశారు, మార్క్ ట్వేన్‌ని తెలుగు చేశారు. రాజకీయ సంపాదకీయం రాసే చేత్తోనే నక్షత్రాల గురించి రాశారు. ఈ మాట చెప్తే అక్కడివాళ్లు ఆశ్చర్యపోయి ఇంగ్లీషులో దొరుకుతాయా అని అడుగుతారు. నా దగ్గర జవాబుండదు.

మా నాన్నగారు కూడా రిటైర్డ్ జర్నలిస్టే. ఇక్కడికొచ్చాక రోజంతా టీవీ ముందే. తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లండి, కానీ నేరుగా వరల్డ్‌కాన్‌కి వద్దు. అంత జనంలో మొదటి గంటలోనే విసుగొచ్చి ఇంటికి పోదామంటారు. మీ ఊరికి దగ్గర్లో వీకెండ్‌లో జరిగే చిన్నదానికి ఒక్కరోజు మెంబర్‌షిప్ తీసుకోండి. శనివారం అయితే మంచిది, ఎక్కువ ప్యానెళ్లు ఉంటాయి. ఆయనకి పట్టున్న విషయం, అంటే ఎన్నికలో, కోర్టులో, యుద్ధమో, ఏదో ఒకదాని మీద ఉన్న ప్యానెల్ చూసి వెనక వరసలో కూర్చోబెట్టండి. అరగంట తర్వాత “వీళ్లకి తెలియదు, అసలేం జరుగుతుందంటే” అని మీ చెవిలో గొణగడం మొదలుపెడితే, బయటికొచ్చేటప్పుడు ప్రోగ్రాం బల్ల దగ్గర వచ్చే ఏడాది ఫారం గురించి అడగండి. 2026లో వరల్డ్‌కాన్ కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో, ఆగస్టు 27 నుంచి 31 వరకు. 2027లో మాంట్రియాల్. మధ్యాహ్నం భోజనం కట్టుకెళ్లండి, హోటళ్లలో శాకాహారం అంటే సలాడే పెడతారు.